భుజాల మీద డ్రిల్లు సారు

ఊరు షావలిని భుజాల మీదికి ఎత్తుకున్న ప్రతిసారీ ఆత్మకూరు బస్సు వెళ్ళిపోయేది.

1979 డిసెంబరులో అయితే అది ఆయన కళ్ళముందే వెళ్ళిపోయింది. జిల్లా హైస్కూళ్ళ కబడ్డీ పోటీల్లో ఉదయగిరి పిల్లలు మళ్ళీ గెలిచి, కావలి నుంచి లారీలో ఊళ్ళోకి దిగారు. లారీ ఆగీ ఆగకముందే జనం డ్రిల్లు మాస్టరు షావలిని కిందికి లాగి, కాలు నేలకు తగలనివ్వకుండా పైకెత్తారు. తప్పెట్లు మోగుతున్నాయి. మెడలో బంతిపూల దండలు ముక్కుదాకా పేరుకున్నాయి. ఆ ఎత్తు నుంచి ఆయనకు బస్టాండు శుభ్రంగా కనిపిస్తోంది. ఆత్మకూరు బస్సు టాపు మీద మేకపిల్లల గంపలు కడుతున్నారు. ఇంజను వెనక నల్లటి పొగ మొదలైంది.

“దించండ్రా! బస్సు కదలతా ఉండాది. దించండ్రా నాయనా!”

“ఇంకో బస్సుకు పోదురులే సార్!” అన్నాడు కింద నుంచి పెంచలనరసయ్య. ఆయనకు బజారులో గుడ్డల అంగడి ఉంది. బడి కమిటీకి ఆయనే పెద్ద. షావలి కుడికాలు ఆయన భుజం మీదే ఉంది.

“ఇంకో బస్సు యాడుండాది? ఈ పూటకు ఇదే కడాపటిది!”

“అయితే రేపు పోండి. పెళ్ళాం యాడికీ పారిపోదులే!”

జనం గొల్లున నవ్వారు. బస్సు డ్రైవరు బర్కతుల్లా కూడా సంబరంలో తన వంతుగా హారను తప్పెట్ల లయకు కలిపి మోగించాడు. కిటికీలోంచి షావలికి సలాము చేసి, బస్సును మలుపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

షావలి తొందర పెళ్ళాం కోసం కాదు. ఆత్మకూరులో ఆయన భార్య దిల్షాద్ బేగం ఉర్దూ బడిలో టీచరు. తన తల్లి మదార్‌బీ ఇంట్లోనే ఉంటూ, ఏడాది నిండని కూతురు షమీమ్‌ను పెంచుకుంటోంది. ఆ బిడ్డకు ఆయాసం. పుట్టిన మొదటి వానాకాలంలోనే పట్టుకుంది. అంతకుముందు రోజు కావలిలో, బడి అటెండరు ద్వారా దిల్షాద్ చెప్పి పంపిన మాట ఒక్కటే అందింది: “మళ్ళీ వచ్చింది.” ఏం వచ్చిందో అటెండరుకు తెలియదు. షావలికి తెలుసు.

తెల్లారి మొదటి బస్సులో ఆయన ఆత్మకూరు చేరేసరికి బిడ్డ నిద్రపోతోంది. పక్కింటి నర్సు రెబెకమ్మ వచ్చి సూది వేసి వెళ్ళిందట. దిల్షాద్ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఆమె గెలిచారా అని అడగలేదు. గెలిచారని ఆయన మెడ మీద అంటుకున్న బంతి రేకు చూస్తే తెలిసిపోయింది. ఆమె ఆ రేకును గిల్లి అవతల పారేసింది.

షావలి ఉదయగిరికి వచ్చిన కొత్తలో, 1974లో, బడికి ఆటస్థలమే లేదు. కొండ నుంచి దొర్లిన రాళ్ళు, వాటి మధ్య కలబంద. పిల్లలతో కలిసి రాళ్ళు మోసి, వాగు నుంచి ఇసుక తెచ్చి పోయించి, సున్నంతో గీతలు గీశాడు. బూట్లూ బ్యాట్లూ కొనే స్తోమత బడికి లేదు. కబడ్డీకి ఊపిరి ఒక్కటి చాలు.

ఆయన ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి చూసి తోటి పంతుళ్ళు నవ్వేవాళ్ళు. పరుగు పందెం పెట్టేవాడు కాదు. కొయ్య గరిటెలు చెక్కే వీధిలోకి వెళ్ళి, పిల్లల చేత తన మణికట్టు పట్టించి చూసేవాడు. చిన్నప్పటి నుంచి కొండ మీద దొరికే నర్ది చెక్కను బాడిసెతో చెక్కి, ఆకురాయితో రుద్దిన వేళ్ళు అవి. పట్టుకుంటే వదలవు. ప్రత్యర్థి కాలిని పట్టడానికి వాళ్ళను మూలల్లో నిలబెట్టాడు. కూతకు వెళ్ళడానికి గొర్రెలు కాసే ఇళ్ళ నుంచి పిల్లలను తెచ్చాడు. గుంపులోంచి తప్పిపోయే గొర్రెను ఒడిసి పట్టేవాడికి, తాను గుంపులోంచి తప్పించుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఊపిరి మాత్రం ఆయనే నేర్పాడు. ఉదయాన్నే కొండ మీది దుర్గానికి ఎక్కే మెట్ల దగ్గర నిలబెట్టి, “కబడ్డీ కబడ్డీ” అంటూ ఎక్కమనేవాడు. కూత తెగినవాడు మళ్ళీ కిందికి రావాలి. “గాలి పీల్చడం గొప్ప కాదురా. కుక్క కూడా పీలుస్తుంది. వదలడం నేర్చుకోండి. దారంలా సన్నగా వదలండి,” అనేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి జిల్లా షీల్డు హెడ్‌మాస్టరు గది గోడకు ఎక్కింది. అప్పటి నుంచి ఏటా ఎక్కుతూనే ఉంది.

పెళ్ళయ్యాక దిల్షాద్ బేగం సెలవు పెట్టి కొన్నాళ్ళు ఉదయగిరిలో కాపురం ఉంది. షమీమ్ పుట్టాక మళ్ళీ వచ్చింది. అప్పుడే అసలు సంగతి తెలిసింది. గరిటెల వీధిలో ఆకురాయి రుద్దినప్పుడల్లా లేచే సన్నటి చెక్కపొడి గాలిలో తేలుతుంది. వాకిళ్ళలో, చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద పలచగా పరుచుకుంటుంది. ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది కనిపించదు. షమీమ్‌కు మాత్రం రెండో రోజుకే ముక్కుపుటాలు ఎగిరాయి, మూడో రోజుకు ఊపిరితో పాటు పిల్లికూత మొదలైంది. ఆత్మకూరు తీసుకెళితే తగ్గింది; అక్కడ చలిగాలికి ఎప్పుడో ఒకసారి వచ్చేది. మళ్ళీ తెస్తే మళ్ళీ వచ్చింది. తన జట్టుకు పట్టు ఇచ్చిన చెక్కే తన బిడ్డ గొంతు పట్టుకుంటోందని షావలికి అప్పుడు అర్థమైంది.

రెబెకమ్మ ఆయనకు ఒక గుర్తు చెప్పింది. “పిలకాయ ఏడస్తా ఉండాదా, నవ్వతా ఉండాదా అని చూడొద్దన్నా. మెడ కింద, రెండు ఎముకల నడాన గుంట చూడు. ఊపిరి తీసుకునేటప్పుడు ఆ గుంట లోపలికి పోతా ఉండాదంటే, ఇంక ఆలోచన చెయ్యొద్దు, ఎత్తకరా.”

అప్పటి నుంచి షావలి ఎక్కడ ఏ పిల్లను చూసినా ముందు మెడ కిందే చూసేవాడు.

ఆత్మకూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు రిటైరయ్యాడని తెలియగానే షావలి బదిలీకి పెట్టుకున్నాడు. 1980 జూన్‌లో ఆర్డరు వచ్చింది. పెట్టె సర్దుకుంటుంటే పెంచలనరసయ్య, ఆయన వెనక పదిమంది, చేతుల్లో పూలదండలతో గుమ్మంలోకి వచ్చారు.

“ఆపించేసినాం సార్!” అన్నాడు పెంచలనరసయ్య రొప్పుతూ. “నెల్లూరు పోయి, పెద్దల కాళ్ళూ గడ్డాలూ పట్టుకోని ఆపించేసినాం. ఆత్మకూరోళ్ళకు ఎంత పొగరు! మన సార్‌ను గుంజకపోదామని చూస్తారా?”

“నరసయ్య గారూ, వాళ్ళు గుంజలేదు. నేనే అడిగినాను.”

ఒక్క క్షణం అందరూ ఆయన ముఖం చూశారు. తరవాత పెంచలనరసయ్య నవ్వాడు. “చూడండిరా ఈ మనిషి గుణం! తన్ను గుంజబోయినోళ్ళను కూడా ఒక మాట అననీడు. మాకు తెలీదా సార్? గెలిచే సార్ ఎవురన్నా తనంతట తాను పోతానంటాడా?”

“ఇంట్లో కొంచెం ఇబ్బందులు ఉండాయి.”

“ఏం ఇబ్బందులు? చెప్పండి. బియ్యమా, ఇల్లా, పాలకు బర్రెను కట్టేమంటారా?”

చెప్పడానికి షావలి నోరు తెరిచాడు. అత్త మదార్‌బీ మాట అడ్డం వచ్చింది. ఆమె చెల్లెలికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. పెద్దయ్యాక తగ్గిపోయింది. అయినా వచ్చిన ప్రతి సంబంధమూ ‘ఆ ఆయాసం పిల్లా’ అని వెనక్కి తిరిగింది. ఆ చెల్లెలు ముసలిదై, అన్న ఇంట్లో వంటింటి మూల కన్నుమూసింది. అందుకే షమీమ్‌కు మొదటిసారి పిల్లికూత వినిపించిన రోజే మదార్‌బీ అల్లుడి చేత ప్రమాణం చేయించింది. “నాయనా, ఆడబిడ్డ. ఈ మాట గడప దాటితే మళ్ళీ లోపలికి రాదు. నీ ఊళ్ళో ఒక్క మనిషికి చెప్పినావంటే నా బిడ్డ గొంతు నువ్వే కోసినట్టు.” సూదులు వేసే రెబెకమ్మకు తప్ప బయట ఎవరికీ తెలియకూడదు.

షావలి నోరు మూసుకున్నాడు. దండలు మెడలో పడ్డాయి.

మరుసటి ఏడూ ఇదే తంతు. ఈసారి ఆర్డరు రాకముందే ఆగింది. ఆ తరవాతి ఏడు హెడ్‌మాస్టరు జనార్దనయ్య గది తలుపు మూసి, మెల్లగా చెప్పాడు: “షావలీ, నీ కాయితం మీద సంతకం పెట్టి పంపినా. నేను పెట్టినానని ఊళ్ళో తెలిస్తే నా అంగీ చింపతారు. అయినా పెట్టినా. అది నెల్లూరు పోయిందో లేదో, ఎవురి బల్ల కింద ఉండాదో, నన్ను అడగొద్దు.” పక్క బడుల డ్రిల్లు మాస్టర్లు షావలిని చూసి అసూయపడేవాళ్ళు. ఆయన అంగడికి వెళితే సరుకు ముందు కట్టిచ్చేవాళ్ళు. గరిటెల వీధివాళ్ళు కొత్తగా చెక్కిన ప్రతి నమూనా ఆయనకు ఒకటి తెచ్చి ఇచ్చేవాళ్ళు. వాటిని ఆయన గది బయట, కిటికీ గట్టు మీదే పెట్టేవాడు. శనివారం ఆత్మకూరు బస్సెక్కేముందు బావి దగ్గర తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, అద్దం ముందు చెవుల వెనక కూడా తుడుచుకునేవాడు. ఊళ్ళో దాని మీద జోకులు. “సార్ వారానికొకసారి కొత్త పెళ్ళికొడుకు!”

ఆ వారాల మధ్య షమీమ్ నడక నేర్చింది, మాటలు నేర్చింది. ఏ మాట ముందు వచ్చిందో ఆయన చూడలేదు.

1983 చివర్లో దిల్షాద్ ఆ మాట అంది. షమీమ్ ఆమె ఒళ్ళో కూర్చుని జామకాయ కొరుకుతోంది. వాళ్ళు ఇంట్లో ఉర్దూలోనే, మెల్లగా మాట్లాడుకుంటారు. ఆ పూట మాత్రం తల్లికి వినిపించినా పరవాలేదన్నట్టు ఆమె గొంతు పెంచింది.

“గెలిచేవాణ్ణి ఎవరూ వదలరు. ఒక్కసారి ఓడిపోండి.”

“పిల్లలు ఏడాదంతా కొండెక్కారు, దిల్షాద్.”

“మీ కూతురు మంచం మీద కూర్చునే కొండెక్కుతోంది. అది మీకు లెక్కలేదా?”

షమీమ్ జామకాయ ముక్క ఆయన నోటికి అందించింది. ఆయన కళ్ళు బిడ్డ మెడ కింద ఉన్నాయి.

ఆ ఏడు ఫైనలు నెల్లూరులో. అవతలి జట్టులో ఎడమ మూల ఆటగాడు పట్టు పట్టబోయే ముందు కుడికాలు ముందుకు వేసేస్తున్నాడు. అటువైపు దొంగ అడుగు వేస్తే వాడు బోర్లా పడతాడు. అది షావలి మొదటి ఐదు నిమిషాల్లోనే చూశాడు. కూతకు వెళ్ళే గొర్రెల కాపరి కొడుకు సిద్ధయ్యకు ఆ ఒక్క ముక్క చెబితే చాలు. విరామంలో సిద్ధయ్య నీళ్ళు తాగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏటా ఆ నిమిషంలోనే సార్ నోటి నుంచి ఒక మాట వస్తుంది. ఆ మాటతోనే ఆట తిరుగుతుంది. పిల్లలందరికీ అది అలవాటు.

“చెప్పండి సార్.”

“బాగానే ఆడతా ఉండారు. ఆడండి,” అన్నాడు షావలి.

సిద్ధయ్య ఇంకాసేపు నిలబడ్డాడు. ఏమీ రాలేదు. వెళ్ళిపోయాడు. చివరి కూతలో ఆ ఎడమ మూలవాడే సిద్ధయ్య మడమ పట్టాడు. మిగతావాళ్ళు గొలుసు కట్టి మీద పడ్డారు. మనుషుల కింద నుంచి “కబడ్డీ కబడ్డీ” అని సన్నగా వినిపిస్తూనే ఉంది. గీత మూరెడు దూరంలో ఉంది. సిద్ధయ్య వేళ్ళు ఇసుకను గీరుతూ దాని వైపు పాకుతున్నాయి. తరవాత కూత ఆగిపోయింది. షావలి జీవితంలో చాలా కూతలు ఆగడం విన్నాడు. దీన్ని మాత్రం ఆగాక కూడా వింటూనే ఉన్నాడు.

లారీ ఊళ్ళోకి వచ్చినప్పుడు తప్పెట్లు లేవు. షావలి తనంతట తాను దిగి, తన కాళ్ళ మీద తాను నడిచి గదికి వెళ్ళాడు. ఇక పొమ్మంటారు అనుకున్నాడు. రోజూ ఎదురుచూశాడు. ఎవరూ ఒక మాట అనలేదు. సంక్రాంతి దాటింది, పరీక్షలు దాటాయి. వేసవి సెలవుల చివర్లో పెంచలనరసయ్య ఒక కాగితం చేతిలో ఊపుకుంటూ, కళ్ళల్లో నీళ్ళతో వచ్చాడు.

“తప్పు మాది సార్. మీరు ఎందుకు ఓడినారో ఊరంతా కూసోని ఆలోచన చేసినాం. కొలువొక కాడ, కాపురమొక కాడ. మనసు రెండు తావుల ఉంటే మనిషి ఎట్టా గెలిపిస్తాడు? మీకు నోరు లేదు, అడగలేదు. మాకన్నా బుద్ధి ఉండొద్దా?” కాగితం షావలి చేతిలో పెట్టాడు. “టీచరమ్మను మన ఉర్దూ బడికి ఏపించేసినాం. ఇల్లు కూడా చూసినాం. గరిటెల ఈదిలో నాదే, కొత్త ఇల్లు. సున్నం కొట్టిస్తా ఉండా.”

షావలి గోడకు ఆనుకున్నాడు. ఆయన ఆనందంతో తూలాడని పెంచలనరసయ్య పట్టుకున్నాడు.

ఆర్డరు ఆర్డరే. చేరకపోతే దిల్షాద్ ఉద్యోగం పోతుంది. ముందు తానొక్కతే వచ్చి చేరతానంది. కానీ మదార్‌బీ మోకాళ్ళు పట్టేసి మంచం మీద ఉంది, బిడ్డను చూసేవాళ్ళు లేరు. రెబెకమ్మ రెండు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చి, “గుంట చూస్తా ఉండండి” అంది.

బస్సు దిగేసరికి గరిటెల వీధి వీధంతా అక్కడే ఉంది. దిల్షాద్ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, బిడ్డను భుజానికి అదుముకుంది. ఇంటి వాకిట్లో నీళ్ళు చల్లారు. కొత్త సున్నం వాసన ఘాటుగా ఉంది. అరుగు మీద గరిటెల వీధివాళ్ళు షమీమ్ కోసం బొమ్మల వంట సామాను పేర్చారు. అంగుళం గరిటెలు, బుల్లి రోలు, వేలెడంత రోకలి. ఒకాయన ఇంకా ఆకురాయితో ఒక గిన్నె అంచు నునుపు చేస్తున్నాడు. నోటితో పొడి ఊది, “ఇదిగో అమ్మణ్ణీ” అని షమీమ్ చేతికిచ్చాడు. ఐదేళ్ళ పిల్ల దాన్ని చూసి సంబరపడి, తనూ ఉఫ్ అని ఊది, లోపల వాసన చూసింది.

షావలి గుంపులో అవతల ఉన్నాడు. ఎవరో చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నారు. ఆయనకు అది వినపడటం లేదు. షమీమ్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. గిన్నె కింద పెట్టేసి, రెండు చేతులూ అరుగు మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. భుజాలు పైకి లేస్తున్నాయి.

“దిష్టి తగిలినట్టుండాదే!” అంది పిచ్చమ్మ, గరిటెల వీధిలో అందరికీ పెద్దావిడ. “ఇంతమంది కండ్లు పడె గదా బంగారు పిలకాయ మీద! మే, నిప్పులు తేండి. మిరపకాయలు, సాంబ్రాణి తేండి. ఇప్పుడే పోతాది.”

పెనం మీద నిప్పులు వచ్చాయి. పిచ్చమ్మ గుప్పెట్లో ఎండుమిరపకాయలు ఉన్నాయి. ఆమె వాటిని షమీమ్ తల చుట్టూ తిప్పుతోంది. దిల్షాద్ భర్త వైపు చూసింది. తల్లి చేయించిన ప్రమాణం ఆమె నోటికీ అడ్డంగా ఉంది.

పిచ్చమ్మ చెయ్యి నిప్పుల మీదికి వెళ్ళింది.

“పొగ వద్దు!”

ఆటస్థలంలో కూడా ఎప్పుడూ వినని కేక అది. షావలి మనుషులను తోసుకుంటూ వచ్చి పెనాన్ని కాలితో తన్నాడు. నిప్పులు వాకిట్లో చెల్లాచెదురయ్యాయి.

“పొగ వద్దు! దిష్టి కాదు! నా బిడ్డకు ఆయాసం! పుట్టినప్పటి నుంచీ ఆయాసం! మీ చెక్కపొడి దానికి పడదు. అందుకే పోతానన్నా. ఏటా అందుకే పోతానన్నా!”

ఆకురాయి పట్టుకున్న మనిషి దాన్ని వెనక దాచుకున్నాడు. షావలి బిడ్డ గౌను మెడ కిందికి లాగి చూశాడు. గుంట లోపలికి పోతోంది.

“బస్సు,” అన్నాడు.

ఆత్మకూరు బస్సు అప్పుడే బస్టాండులోంచి కదులుతోంది. సిద్ధయ్య ఎక్కడి నుంచి వచ్చాడో, బిడ్డను రెండు చేతులతో ఎత్తి పరుగు తీశాడు. వీధి మొత్తం వాడి వెనక పరుగెత్తింది. ముందు పరుగెత్తినవాళ్ళు రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. బర్కతుల్లా బ్రేకు వేసి, కోపంగా తల బయట పెట్టి, బిడ్డ పెదవుల రంగు చూసి, మారుమాట లేకుండా డోరు తీయించాడు.

దిల్షాద్ ఎక్కింది. సిద్ధయ్య బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టాడు. రెబెకమ్మ ఇచ్చిన మాత్ర ఆమె బిడ్డ నోట్లో వేసింది. షావలి మెట్టు మీద ఆగాడు. రేపు బడి తెరుస్తారు. సెలవు చీటీ ఇవ్వలేదు. అలవాటు కొద్దీ వెనక్కి చూశాడు, ఎవరైనా కాలు పట్టుకుని ఎత్తుతారేమోనన్నట్టు.

పెంచలనరసయ్య ఆయాసపడుతూ వచ్చి, వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. “ఎక్కు సామీ, ఎక్కు! ఆర్డర్లూ గీర్డర్లూ నేను చూసుకుంటా. ఇన్నేండ్లు ఈ మాట నోట్లో పెట్టుకోని ఏం చేసినావు? మమ్మల్ని ఇంత పాపం చేపిస్తావా?” ఎప్పుడూ ‘మీరు’ తప్ప అనని మనిషి ఆ పూట ‘నువ్వు’ అన్నాడు. తరవాత బస్సు రేకు మీద అరచేత్తో కొట్టాడు. “బర్కతుల్లా! నడాన యాడన్నా ఆపినావంటే చూడు!”

బస్సులో షావలి కూతురిని నిటారుగా కూర్చోబెట్టుకుని, చెవిలో చెబుతూ వచ్చాడు. “పీల్చొద్దు తల్లీ. వదులు. దారంలా సన్నగా వదులు. కబడ్డీ అను. మెల్లగా.” షమీమ్ పెదవులు సున్నాలా చుట్టి వదిలింది. “కబ…” అక్కడ తెగింది. మళ్ళీ వదిలింది. దారి పొడుగునా ఆ రెండక్షరాలే. మూడోది రాలేదు. ఏ.యస్.పేట దర్గా మలుపులో దిల్షాద్ కళ్ళు మూసుకుని మొక్కుకుంది. షావలి కళ్ళు మూయలేదు. మూస్తే గుంట కనపడదు.

రెబెకమ్మ వాకిట్లోనే సూది వేసింది.

ఊరు మళ్ళీ నెల్లూరు వెళ్ళింది. ఆపించడానికి వెళ్ళిన మనుషులే ఈసారి పంపించడానికి వెళ్ళారు. దిల్షాద్ ఆర్డరు రద్దయింది కానీ, షావలి సంగతి అంత సులువు కాలేదు. ఆత్మకూరులో డ్రిల్లు మాస్టరు పోస్టు అప్పటికే నిండిపోయింది. షావలి ఏడాది పైన జీతం లేని సెలవులో ఉన్నాడు. అందరికీ తెలిసిపోయిందని మదార్‌బీ కొన్ని వారాలు అల్లుడితో మాట్లాడలేదు. ఒకరోజు పిచ్చమ్మ బస్సు దిగి, ఏదో ఆకు కషాయం సీసా పట్టుకుని బిడ్డను చూడటానికి వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళూ లోపల చాలాసేపు కూర్చున్నారు. బయటికి వచ్చాక మదార్‌బీ అల్లుడికి టీ పెట్టి ఇచ్చింది.

చివరికి ఆత్మకూరులోనే పోస్టు దొరికింది. అక్కడ షావలి మంచి మాస్టరే. పెద్ద గొప్ప మాస్టరు కాదు. “చెయ్యి ఉదయగిరిలో వదిలేసి వచ్చినాడు” అనేవాళ్ళు. ఆట ముగిసేసరికి ఇంటికి వెళ్ళిపోయేవాడు. జట్టు ఎప్పుడైనా గెలిచి, పిల్లలు ఉత్సాహంగా దగ్గరికి వస్తే రెండడుగులు వెనక్కి వేసేవాడు.

1988లో జోనల్ పోటీలు వింజమూరులో పెట్టారు. షమీమ్ కూడా వస్తానని పేచీ పెట్టింది. అప్పటికి ఆయాసం ఏడాదికి ఒకటి రెండు సార్లే వస్తోంది. ఆఖరి ఆట ఆత్మకూరుకూ ఉదయగిరికీ. అవతలి బెంచీ మీద ఉదయగిరి బడికి తాత్కాలిక డ్రిల్లు మాస్టరుగా చేరిన సిద్ధయ్య ఉన్నాడు.

విరామంలో షావలి తన పిల్లలను దగ్గరికి పిలిచాడు. ఉదయగిరి కుడి మూలవాడి బలహీనత ఏమిటో చెప్పాడు. ఏ అడుగు వేయాలో నేల మీద గీసి చూపించాడు. అయినా ఉదయగిరే గెలిచింది. ఆ మూలవాడి వేళ్ళు గరిటెల వీధి వేళ్ళు. ఒకసారి మాత్రం తప్పాయి, రెండోసారి తప్పలేదు.

సిద్ధయ్య గీత దాటి వచ్చి కాళ్ళకు వంగాడు.

“ఈసారి చెప్పినారు గదా సార్. చూసినా,” అన్నాడు.

షావలి ఏదో అనబోయాడు. సిద్ధయ్య అననివ్వలేదు. నడుము పట్టుకుని పైకెత్తాడు. వెనక నుంచి, జుట్టు పూర్తిగా నెరిసిన పెంచలనరసయ్య పరుగెత్తుకుంటూ వచ్చి కుడికాలి కింద భుజం పెట్టాడు.

“మీ సార్ సిద్ధయ్య! నేను ఆ పక్క ఓడినోణ్ణిరా!”

“మా సార్ ఏ పక్కుంటే మాకేంది!” అన్నాడు పెంచలనరసయ్య.

తప్పెట్లు మొదలయ్యాయి. జనం కాళ్ళ కింద వింజమూరు దుమ్ము ఎర్రగా లేచింది. షావలి ఆ ఎత్తు నుంచి కూతురి కోసం వెతికాడు. దుమ్ములో షమీమ్ తల మాత్రం కనిపిస్తోంది, రెండు జడలు, నీలం రిబ్బన్లు. పై నుంచి చూస్తే మెడ కింద గుంట కనపడదు.

“దించండ్రా! దుమ్ము లేస్తా ఉండాది. బిడ్డ ఉండాది. దించండ్రా!”

ఎవరూ దించలేదు. ఊరేగింపు రోడ్డు వైపు తిరిగింది. ఆయన పెంచలనరసయ్య తల పట్టుకుని, నడుము తిప్పి వెనక్కి వంగాడు. షమీమ్ తెల్ల చున్నీని ముక్కుకు అడ్డం పెట్టుకుని, మనుషుల మధ్య దూరుతూ పక్కగా పరుగెత్తుకుంటూ వస్తోంది. చున్నీ తీసి, తల పైకెత్తి, తప్పెట్ల మీదుగా అరిచింది.

“అబ్బాజాన్! బస్సులో ఇంకా యాభై మందికి టిక్కెట్లు కొడతా ఉండారు, బర్కతుల్లా చాచా మన కోసం ఆపతానన్నాడు, నువ్వు మెల్లగా దిగి రా!”

షావలి మాటలు వినలేదు. ఇసుకలో ఏళ్ళ తరబడి కూతలు విన్న చెవితో ఆ ఊపిరి విన్నాడు. అంత పొడుగు మాట, పరుగెత్తుతూ, ఒక్క ఊపిరిలో. కడదాకా వచ్చింది.

ఆయన పెంచలనరసయ్య తల మీద పట్టు కొంచెం వదిలాడు.